అడాప్టర్ ఉంటే ఏ స్టేషన్‌లోనైనా కారు ఛార్జ్ అవుతుందా?

అమెరికాలో ఎలక్ట్రిక్ కారు కొన్న మన తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మాది టెస్లా కాదండీ. దారిలో చూస్తే అన్నీ టెస్లా సూపర్‌ఛార్జర్లే. ఆన్‌లైన్‌లో ఓ అడాప్టర్ కొని డిక్కీలో పడేసుకుంటే సరిపోతుంది కదా?" అని. సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. పిల్లాపాపలతో నాలుగు వందల మైళ్ళ ప్రయాణం పెట్టుకుని, 8 శాతం బ్యాటరీతో స్టేషన్‌కి చేరాక ఆ సంగతి తెలిస్తే చాలా కష్టం. అందుకే ఇవాళ దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. అడాప్టర్ మార్చేది ప్లగ్ ఆకారాన్ని మాత్రమే. మనలో చాలామందికి మిక్సీ అనుభవం ఉండే ఉంటుంది. ఇండియా నుంచి సూట్‌కేసులో మిక్సీ తెచ్చుకుని, పిన్నులు మార్చే అడాప్టర్ తగిలించి ఇక్కడ గోడకి పెడతాం. ప్లగ్ చక్కగా దూరుతుంది. మిక్సీ మాత్రం నీరసంగా మూలుగుతుంది, పప్పు నలగదు. 230 వోల్టులకి చేసిన యంత్రానికి 120 వోల్టులే అందుతున్నాయి మరి. కారు దగ్గరా ఇదే గొడవ. పైగా ఇక్కడ ఇంకో మెలిక ఉంది: ఛార్జింగ్ మొదలవ్వాలంటే కారు, ఛార్జర్ ఒకే భాషలో మాట్లాడుకోవాలి.

అమెరికాలో టెస్లా కాని కార్లకి చాలాకాలం సీసీఎస్ 1 అనే ప్లగ్ ఉండేది. దాని పైభాగంలో ఏసీకి ఐదు పిన్నులు, కింద డీసీకి రెండు లావు పిన్నులు. ఆ పైభాగం ఒక్కటే ఉంటే దాన్ని జె 1772 అంటారు. టెస్లా ప్లగ్ చిన్నది. అందులో ఏసీ అయినా డీసీ అయినా అవే రెండు పెద్ద పిన్నుల్లోంచి వెళుతుంది. 2022 నవంబరులో టెస్లా ఆ డిజైన్‌ని అందరికీ తెరిచి నాక్స్ అని పేరు పెట్టింది. 2023 మే నెలలో ఫోర్డ్, జూన్‌లో జనరల్ మోటార్స్ దానికి సరేనన్నాయి, మిగతా కంపెనీలు వరస కట్టాయి. 2024 ఫిబ్రవరి చివర్లో ఫోర్డ్ కార్లు అడాప్టర్‌తో సూపర్‌ఛార్జర్ల దగ్గర నిలబడడం మొదలైంది.

ఇక్కడ కొనేవాళ్ళు తరచూ పొరపడేది ఒకటుంది. "టెస్లా అడాప్టర్" అని వెతికితే రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి చిన్నది, చవక. అది ఏసీకి. హోటల్లోనో, స్నేహితుల గరాజ్‌లోనో ఉన్న టెస్లా గోడ ఛార్జర్‌ని జె 1772 కారుకి కలుపుతుంది. రాత్రంతా పెట్టుకుంటే చాలా ఉపయోగం, కాకపోతే కొన్ని హోటళ్ళు ఆ ఛార్జర్లని టెస్లా కార్లకే పనిచేసేలా సెట్ చేసి ఉంచుతాయి. రెండోది పెద్దది, ఖరీదు. సూపర్‌ఛార్జర్‌కి కావలసింది అదీ. చిన్నదాన్ని సూపర్‌ఛార్జర్‌కి తగిలించే ప్రయత్నం అస్సలు చేయకండి.

సరైన అడాప్టర్ కొన్నారు, బాగుంది. ఇప్పుడు భాష సంగతి. పాత సూపర్‌ఛార్జర్లు, అంటే 150 కిలోవాట్ల వీ 2 రకం, టెస్లా సొంత భాషే మాట్లాడతాయి. వేరే కారు ఎంత మంచి అడాప్టర్‌తో వెళ్ళినా అవి పలకవు. వీ 3, వీ 4 రకాలకి సీసీఎస్ భాష కూడా వచ్చు. అది కూడా మీ కారు కంపెనీకి టెస్లాతో ఒప్పందం ఉంటేనే. కొన్ని చోట్ల మాత్రం మ్యాజిక్ డాక్ అని, స్టేషన్‌లోనే సీసీఎస్ అడాప్టర్ అమర్చి ఉంటుంది. అక్కడ మీ అడాప్టర్ అక్కర్లేదు. ఏ స్టేషన్ మీ కారుకి పనికొస్తుందో టెస్లా యాప్‌లో మీ కారు మోడల్ పెడితే చూపిస్తుంది. బయల్దేరే ముందు ఇంట్లోనే చూసుకోండి. పాత నిస్సాన్ లీఫ్ వాళ్ళ కష్టం ఇంకా పెద్దది. దాని షాడెమో భాషే వేరు కాబట్టి, మధ్యలో దుబాసీ పని చేసే ఎలక్ట్రానిక్స్ ఉన్న ఖరీదైన అడాప్టర్ తప్ప ఇంకేదీ పనికిరాదు.

ఇక వోల్టేజి. వీ 3 సూపర్‌ఛార్జర్ సుమారు 500 వోల్టుల దాకానే ఇస్తుంది. హ్యుందాయ్ ఐయోనిక్ 5 లాంటి కార్లది 800 వోల్టుల తరగతి. అందిన వోల్టేజిని కారే లోపల పెంచుకోవాలి, దాంతో వేగం పడిపోతుంది. తమాషా ఏమిటంటే 2025 ఐయోనిక్ 5కి కంపెనీయే నాక్స్ పోర్ట్ పెట్టింది. అయినా సూపర్‌ఛార్జర్ దగ్గర 10 నుంచి 80 శాతానికి సుమారు 30 నిమిషాలు, అడాప్టర్ తగిలించి 350 కిలోవాట్ల సీసీఎస్ ఛార్జర్ దగ్గరకి వెళితే సుమారు 20 నిమిషాలు! ప్లగ్ సరిపోయినంత మాత్రాన అదే మంచి స్టేషన్ అని కాదన్నమాట.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది, వేడి. ఒక్క లెక్క చూడండి. కరెంటు 400 ఆంపియర్లు, అడాప్టర్ పిన్ను దగ్గర నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతు అనుకుందాం. అక్కడ పుట్టే వేడి 160 వాట్లు. పాతకాలపు వంద వాట్ల బల్బు ఎంత కాలేదో గుర్తుందా? దానికి ఒకటిన్నర రెట్లు, గుప్పిట్లో పట్టేంత ప్లాస్టిక్ ముక్కలో. కాస్త దుమ్ము పడినా, పిన్ను వదులైనా ఇంకా పెరుగుతుంది. 2024 అక్టోబరులో ఫోర్డ్ తాను ఇచ్చిన అడాప్టర్లలోనే కొన్నిటిని వాడొద్దని చెప్పి, వేరేవి ఇచ్చింది. కారు పోర్టు దెబ్బతినే అవకాశం ఉందని. అంత పెద్ద కంపెనీకే ఆ తిప్పలు వస్తే, పేరూ ఊరూ లేని అడాప్టర్‌ని నలభై డాలర్లు తక్కువని కొనడం నాకైతే నచ్చదు. మీ కారు కంపెనీ అమ్మేదో, యూఎల్ 2252 ప్రకారం పరీక్షించినదో తీసుకోండి. అడాప్టర్‌కి అడాప్టర్ తగిలించడం, పొడిగింపు కేబుల్ కలపడం వద్దు.

వాడేటప్పుడు ముందు అడాప్టర్‌ని స్టేషన్ కేబుల్‌కి గట్టిగా బిగించి, ఆ తర్వాత కారుకి పెట్టాలి. తీసేటప్పుడు యాప్‌లో ఛార్జింగ్ ఆపి, రెండూ కలిపి లాగాలి. లేకపోతే అడాప్టర్ కారుకే ఉండిపోతుంది. వీ 3 కేబుల్ పొట్టిది. మీ కారు పోర్టు ముందువైపు ఉంటే పక్క స్థలంలోకి జరిగి నిలపాల్సి రావచ్చు, కాస్త ఖాళీగా ఉన్న చివరి స్టాల్ చూసుకోండి.

ఇండియా నుంచి చూస్తున్నవాళ్ళకి ఈ డీసీ అడాప్టర్ల గోల తక్కువే. ఇప్పుడొచ్చే కార్లు దాదాపు అన్నీ సీసీఎస్ 2. కానీ అక్కడ ఇంకో అడాప్టర్ దొరుకుతోంది, దాని గురించి చెప్పకుండా ముగించలేను. ఊళ్ళో అమ్మమ్మగారింటికి వెళ్ళి 15 ఆంప్ సాకెట్‌లో కారు ఛార్జర్ పెడితే, ఎర్తింగ్ లేదని ఎర్రలైటు వెలుగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు "ఈ ప్లగ్ మధ్యలో పెట్టు, పనిచేస్తుంది" అంటారు. ఆ ప్లగ్ లోపల న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేసి ఉంటుంది. ఛార్జర్ మోసపోయి పనిచేస్తుంది, నిజమే. కానీ ఆ సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారుగా ఉంటే, పాత ఇళ్ళలో అది మామూలే, కారు బాడీకే 230 వోల్టులు వచ్చేస్తాయి. పక్కనే పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. దయచేసి అది వాడకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పిట్ వేయించి, కారుకి విడిగా ఒక పాయింటు, దానికి ఎంసీబీ, ఆర్‌సీసీబీ పెట్టించండి. ఆ పని అయ్యేదాకా దగ్గరి టౌన్‌లో ఛార్జ్ చేసుకుని వెళ్ళండి.