పిడికెడు బియ్యం



అన్నానికి ఎసరు పెట్టి, బియ్యం కొలుచుకుంటారు కదా. వాటిని కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి, పక్కన ఉన్న ముంతలో వేయండి. ఈరోజు నేను చెప్పబోయేది ఇంతకన్నా పెద్ద సంగతి కాదు. మా కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో దీన్ని 'పిడి అరిసి' అంటారు. తెలుగువారికి ఆ మాట వినగానే అరిసెలు గుర్తుకొస్తాయేమో గానీ, తమిళంలో అరిసి అంటే బియ్యం.

నేను కోవిల్‌పట్టిలో ఉపాధ్యాయురాలిని. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆదివారం చర్చిలో ఆరాధన కూడా తమిళమే. ఈ నల్లరేగడి నేలలో మాలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. పక్కనే ఇడైసేవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష కూడా తెలుగే.

మా సంఘంలో శనివారం సాయంత్రం స్త్రీలు ఇద్దరిద్దరుగా సంచులు పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. ముంతలోని బియ్యం సంచిలో పోస్తారు. ఎవరు ఎంత పోశారో రాసుకోవడం ఉండదు. దీని బలం తెలియాలంటే చిన్న లెక్క వేద్దాం. పిడికిలికి నలభై గ్రాములు అనుకోండి. రెండు పూటలకు ఎనభై. నెలకు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. నూరు ఇళ్ళుంటే రెండు వందల నలభై కిలోలు! ఏ ఇంట్లోనూ ఒక్క ముద్ద తగ్గినట్టు కూడా తెలియదు.

ఆ బియ్యం ఏమవుతుంది? కొంత అమ్మి డబ్బు చేస్తారు. కొంత మంచాన పడ్డవారికీ, పని దొరకని వారికీ చేరుతుంది. ఒక మాట చెప్పాలి. పొన్ని బియ్యం, రేషన్ బియ్యం, ఉప్పుడు బియ్యం, పచ్చి బియ్యం అన్నీ ఒకే సంచిలో పడతాయి గనుక వండితే ఒక గింజ చితుకుతుంది, ఒక గింజ పలుకుగా మిగులుతుంది. అందుకే దాన్ని గంజికో, పిండికో వాడుకుంటారు.

ఈ ప్రాంతపు క్రైస్తవుల ఇటువంటి చిన్న చిన్న కానుకలకూ, తెలుగు దేశానికీ ఒక సంబంధం ఉంది. అప్పటి తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళైలో 1874లో పుట్టిన వి. ఎస్. అజరయ్య గారి చొరవతో 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, నడిపేదీ మనమే అన్నది దాని నియమం. విదేశీ సొమ్ము కోసం చేయి చాచకూడదనుకున్నారు. ఆ సంస్థ సేవకులు వెళ్ళిన చోటు అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్. తమిళం మాట్లాడేవారు అక్కడికి వెళ్ళి తెలుగు నేర్చుకున్నారు. అజరయ్య గారూ నేర్చుకున్నారు. 1912లో ఆయన డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945లో కన్నుమూసే వరకూ ఆ బాధ్యతలోనే ఉన్నారు. డోర్నకల్ పల్లెల్లో కూలి చేసుకునే కుటుంబాలు కూడా తమ సంఘానికి పిడికెడు ధాన్యం ఇచ్చేవి.

ఇది క్రైస్తవుల సొత్తు అనుకోకండి. విరుదునగర్‌లో నాడార్ వర్తకులు 1889లో క్షత్రియ విద్యాశాల పెట్టారు. ఇంటింటి పిడికెడు బియ్యం కూడా ఆ బడికి ఆధారమయింది. కామరాజ్ గారు చదువుకున్న బడి అదే. పేదపిల్లల బడి అన్నం గురించి ముఖ్యమంత్రిగా ఆయన ఎంత పట్టుబట్టారో మీకు తెలుసు.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం బియ్యం పోగుచేసే పని నా వంతుకు వచ్చింది. అగ్గిపెట్టెల పనికి వెళ్ళే ఒక ముసలామె ఇల్లు ఉంది మా వరసలో. ఒంటరిది. నెలాఖరులో సంఘం నుంచి బియ్యం అందుకునేవారిలో ఆమె కూడా ఉంది. ఆమె దగ్గర తీసుకొని మళ్ళీ ఆమెకే ఇవ్వడం దేనికి అనుకొని, రెండు వారాలు ఆ గుమ్మం దాటి వెళ్ళిపోయాను. జాలిపడ్డాననే అనుకున్నాను.

మూడో శనివారం ఆమే వీధి మొదట్లో నిలబడి ఉంది. చేతిలో ముంత. "టీచరమ్మా, నా ఇంటికి ఎందుకు రాలేదు? తీసుకునేటప్పుడు మాత్రం నా పేరు ఉండాలి, ఇచ్చేటప్పుడు ఉండకూడదా?" అని అడిగింది. నా వెంట ఉన్నావిడ నా మొహం చూసింది. నాకు జవాబు దొరకలేదు. రెండు వారాల బియ్యమూ ఆమె తీసి ఉంచింది. పురుగు పట్టకుండా వేపాకు కూడా వేసింది. సంచి తెరిచి పట్టుకున్నాను.

ఇప్పుడు కొందరి ఇళ్ళలో ముంత లేదు. నెలకింత అని కవరులో పెట్టి ఇస్తారు. లెక్కకు అది సులువే, కాదనను. అయితే కవరు నెలకు ఒక్కసారే గుర్తొస్తుంది, ముంత పూటపూటకూ కనబడుతుంది. పైగా ఆ కవరులో తక్కువ వేయడానికి మొహమాటపడి, అసలు ఇవ్వడమే మానుకున్నవారు నాకు తెలుసు. పిడికిలి సంగతి వేరు. అందరి పిడికిలీ ఇంచుమించు ఒకే కొలత.

ఆ ముసలామె వేపాకులను ఇంటికి వచ్చాక ఏరి పారేశాను. తర్వాత శనివారం నుంచి మా వరసలో మొదటి ఇల్లు ఆమెదే అయింది. ఆ వీధిలో ఎటునుంచి చూసినా ఆమె ఇల్లు చివరిది, అయినా సరే.