మంగోలుల నాదమ్

ఉత్తరమున రుష్యా, దక్షిణమున చీనా. ఈ రెండు మహారాజ్యముల నడుమ మంగోలియా ఉన్నది. వైశాల్యమున అది మన దేశములో సగమునకు కొంచెము తక్కువ. జనసంఖ్య సుమారు 35 లక్షలు మాత్రమే. అట్టి దేశము ఏటేట జూలై 11వ తేదీన పనులన్నియు కట్టిపెట్టి ఆటలకు దిగును. ఆ యుత్సవమునకు నాదమ్ అని పేరు. ఇది మన సంగీతజ్ఞుల నాదము కాదు; మంగోలు భాషలో ఆట యని యర్థము. మల్లయుద్ధము, గుఱ్ఱపు పందెము, విలువిద్య అనునవి ప్రధానములు. వీనిని 'పురుషుల మూడాటలు' అందురు. పేరు పురుషులదే కాని, విలువిద్యలో స్త్రీలును, పందెములలో బాలికలును పాల్గొనుచునే యున్నారు.

ఆ తేదీ 1921 నాటి విప్లవమునకు గుర్తు. ఆటలు మాత్రము విప్లవముకంటె మిక్కిలి ప్రాచీనములు. చెంఘిజ్ ఖాన్ తమ్ముని కుమారుడగు యిసుంగె 335 బారల దూరము బాణము వేసెనని తెలుపు శిలాశాసనము, సుమారు 1225 నాటిది, రుష్యాలోని హెర్మిటేజ్ ప్రదర్శనశాలలో నేటికిని ఉన్నది. మంగోలు లిపిలో లభించిన శాసనములలో అదియే అతిప్రాచీనమని పండితులు చెప్పుదురు. ఒక జాతి లిపికి దొరికిన తొలి సాక్ష్యము ఒక విలుకాని దెబ్బను గూర్చినదగుట మాకు ముచ్చట గొలుపుచున్నది.

పూర్వము ఈ క్రీడలు పర్వతపూజలతోను, బౌద్ధమఠాధిపతుల గౌరవార్థము జరుగు ఉత్సవములతోను కలిసియుండెడివి. విప్లవానంతరము ప్రభుత్వము వానిని తనవిగా జేసికొన్నది. 1930 తరువాతి సంవత్సరములలో మఠములు కూల్చబడినవి. వేలకొలది లామాలు వధింపబడిరి. 1962లో చెంఘిజ్ ఖాన్ అష్టశత జయంతికి పూనుకొన్న నాయకుడు పదవి కోల్పోయెను. ఇన్ని జరిగినను మల్లుల బరి నిలిచియే యున్నది. పాలకులు పండుగకు తేదీని మార్చిరి, కారణమును మార్చిరి, పట్టులను మార్చలేకపోయిరి. 1990లో ప్రజాస్వామ్యోద్యమము జయించిన పిమ్మట చెంఘిజ్ నాటి సంప్రదాయమగు తొమ్మిది తెల్లని ధ్వజములు మరల వెలికి వచ్చినవి. ఇప్పుడు వానిని ఉలాన్‌బాతర్ ప్రభుత్వ భవనమునుండి క్రీడాంగణమునకు ఊరేగింపుగా గొనిపోవుదురు.

మల్లయుద్ధమున సాధారణముగా 512 మంది దిగుదురు. ఒకసారి ఓడినవాడు తొలగవలసినదే. కనుక తొమ్మిది సుట్లలో ఒక్కడు మిగులును. బరువునుబట్టి తరగతులు లేవు. మోచేయి గాని మోకాలు గాని నేల తాకినచో ఓటమియే. ఐదు గెలిచినవాడు డేగ, ఏడు గెలిచినవాడు ఏనుగు, ఎనిమిది గెలిచినవాడు గరుడి, అందఱిని గెలిచినవాడు సింహము. ఈ గరుడి మన గరుత్మంతుడే. బౌద్ధధర్మము వెంట ఉత్తరమునకు నడచిపోయిన మాట. బిరుదాంకితులు కొన్ని సుట్లలో తమ ప్రత్యర్థిని తామే ఎన్నుకొనవచ్చునను నియమము మాకు రుచింపలేదు. కాని కుస్తీ ముగిసిన పిమ్మట జరుగునది చూడదగినది. ఓడినవాడు గెలిచినవాని చేతి క్రిందుగా వంగి పోవును. గెలిచినవాడు చేతులు ఱెక్కలవలె చాచి పక్షివలె నాట్యమాడును. పగ అక్కడితో సరి.

గుఱ్ఱపు పందెములు ఊరి వెలుపలి మైదానమున, గుఱ్ఱముల వయస్సునుబట్టి జరుగును. రెండేండ్లవానికి దాదాపు 10 కిలోమీటర్లు. పెద్దవానికి 25 కిలోమీటర్లు దాటును. మొదటి ఐదింటిపై పులియబెట్టిన గుఱ్ఱపుపాలు చిలికి స్తోత్రములు చదువుదురు. విశేషమేమనగా, రెండేండ్లవానిలో కట్టకడపట వచ్చినదానికి గూడ స్తోత్రము గలదు! దానిని 'నిండు కడుపు' అని పిలిచి, వచ్చే ఏడు ముందు రావలెనని దీవించి పాడుదురు. ఓడిన పశువును ఇట్లు మన్నించు పందెమును మేము వేఱొకచోట ఎఱుగము.

ఐనను స్వారిచేయువారు పసిపిల్లలు. బరువు తక్కువ గనుక వారిని ఎక్కింతురు. బహుమానమును కీర్తియు ముఖ్యముగా గుఱ్ఱమునకును, యజమానునకును, శిక్షకునకును చెందును. పిల్లలు పడుదురు, గాయపడుదురు, మరణించినవారును గలరు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల సంఘము దీనిని గూర్చి పలుమారు ఆందోళన వెలిబుచ్చినది. 2010లో యునెస్కో నాదమును మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చినంత మాత్రమున ఈ ప్రశ్న సమసిపోలేదు. నడక వచ్చినదే తడవుగా స్వారి నేర్చు జాతి మాది యని మంగోలులు సమాధానము చెప్పుదురు. అది నిజమే. కాని తండ్రి మందను తోలుకొనిపోవు బాలుడు వేఱు, ధనికుని గుఱ్ఱముపై కూలికి ఎక్కిన బాలుడు వేఱు. చట్టము మాత్రము ఇద్దఱికిని ఒక్కటియే.