పొరల విద్య: పూర్వ ఐరోపా తైలవర్ణ చిత్రకారుల పద్ధతిని అభ్యసించే మార్గాలు

తైలవర్ణ చిత్రకళా చరిత్రలో 1797 ఒక పరిహాస ఘట్టం. ఆ ఏడాది లండన్‌లోని రాయల్ అకాడమీ సభ్యులు కొందరు తలకు 10 గినీల చొప్పున చెల్లించి ఒక ‘రహస్యాన్ని’ కొనుక్కున్నారు. వెనిస్ నగరపు పూర్వ చిత్రకారుల వర్ణ విధానం ఒక పాత వ్రాతప్రతిలో తమకు దొరికిందని థామస్ ప్రోవిస్, అతని కుమార్తె యాన్ జెమైమా చెప్పగా వారు నమ్మారు. అకాడమీ అధ్యక్షుడు బెంజమిన్ వెస్ట్ ఆర్కిమిడీస్ సమాధిని సిసెరో కనుగొన్న సన్నివేశాన్ని ఆ పద్ధతిలోనే చిత్రించాడు. అందులో ‘టిషియన్ ఛాయ’ అనే మిశ్రమానికి ప్రష్యన్ నీలం వాడవచ్చునని ఉంది. ఆ నీలం 18వ శతాబ్ది తొలి సంవత్సరాలలో బెర్లిన్‌లో పుట్టింది. టిషియన్ 1576లోనే మరణించాడు. మోసం బయటపడింది. జేమ్స్ గిల్‌రే వ్యంగ్యచిత్రం గీసి అకాడమీని నవ్వులపాలు చేశాడు. వెస్ట్ 1804లో అదే సన్నివేశాన్ని మళ్ళీ చిత్రించాడు.

ఇంతటి అనుభవజ్ఞులు ఎలా నమ్మారన్నదే ఇక్కడ విచారించదగిన విషయం. పూర్వుల ప్రతిభ ఏదో ఒక ద్రవంలో, ఒక యోగంలో దాగి ఉన్నదన్న విశ్వాసం అప్పటికే బలంగా పాతుకొని ఉంది. దానికి బీజం వేసినవాడు వసారి. తైలవర్ణాన్ని యాన్ వాన్ ఐక్ కనిపెట్టాడని 1550లో వెలువడిన తన చిత్రకారుల జీవిత చరిత్రలలో అతడు రాశాడు. అది నిజం కాదు. నూనెలో రంగులు నూరే విధానాన్ని 12వ శతాబ్దికి చెందిన థియోఫిలస్ వర్ణించాడని 1774లో లెస్సింగ్ వెల్లడించాడు. అఫ్ఘానిస్థాన్‌లోని బామియాన్ గుహల కుడ్యచిత్రాలలో, సుమారు 7వ శతాబ్ది నాటివాటిలో, ఆరే నూనెలు ఉన్నట్లు 2008లో ప్రకటించిన పరీక్షా ఫలితాలు తెలిపాయి. వాన్ ఐక్ సాధించినది నూనెను కనిపెట్టడం కాదు, పొరలను పేర్చడంలో అపూర్వమైన నైపుణ్యం.

ఆ పేర్పు ఎలా ఉండేదో చూడాలి. ఉత్తర ఐరోపాలో ఓక్ పలకపై సుద్దను జంతుచర్మపు జిగురుతో కలిపి పూసి, నున్నగా రుద్ది తెల్లని నేలను సిద్ధం చేసేవారు. దానిపై రూపరేఖ గీసి, జిగురు నూనెను మరీ పీల్చకుండా పలుచని నూనెపూత వేసేవారు. తరువాత వెలుగునీడలను నిర్ణయించే అడుగు చిత్రణ, ఆపైన పారదర్శకమైన పూతలు. 1433 నాటి ఎర్ర తలపాగా పురుషుని చిత్రంలో వస్త్రం ఎరుపు ఒక్క రంగుతో వచ్చినది కాదు. అడుగున ఇంగిలీకం, పైన ‘లేక్’ అనే పారదర్శక ఎరుపు. వెలుగు పైపూత గుండా లోపలికి ప్రసరించి, అడుగు పొరను తాకి వెనుదిరిగి, మరోసారి ఆ ఎరుపు గుండా కంటిని చేరుతుంది. ఎంత నేర్పుతో కలిపినా పలకమీది ఏక మిశ్రమానికి ఆ లోతు రాదు. (‘లేక్’ అన్న పేరు సంస్కృత ‘లాక్షా’ నుంచి పుట్టినదే, తెలుగు ‘లక్క’ దానికి దాయాది.)

ఈ పేర్పుకు కాలం ప్రాణం. అవిసె నూనె, అక్రోటు నూనె నీటివలె ఆవిరై ఆరవు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి రసాయనికంగా గట్టిపడతాయి. అందువల్లనే పైపొరలో నూనె పాలు అడుగు పొర కన్న ఎక్కువగా ఉండాలన్న నియమం ఏర్పడింది. అడుగున నూనె ఎక్కువై అది పచ్చిగా ఉండగానే పైపొర బిగుసుకుంటే, ఆ పైపొర పగులుతుంది. టిషియన్ తన చిత్రాలను నెలల తరబడి గోడవైపు తిప్పి ఉంచి, తరువాత శత్రువులను పరీక్షించినట్లు పరీక్షించేవాడని పాల్మా జొవానే చెప్పినట్లు బోస్కినీ నమోదు చేశాడు. అది స్వభావ వైచిత్రి మాత్రమే అనుకోనక్కరలేదు. నూనె ఆరడానికీ ఆ విరామం అవసరమే.

ఇటువంటి జ్ఞానం కార్ఖానాలో చేతినుంచి చేతికి అందేది. 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని సూచించిన శిక్షణ 13 ఏళ్లు: ఒక ఏడాది రేఖాభ్యాసం, ఆరేళ్లు రంగులు నూరడం, జిగురు కాచడం, నేల సిద్ధం చేయడం వంటి పనులు, మరో ఆరేళ్లు వర్ణరచన. రేఖకు ఒక ఏడాది, నూరుడుకూ జిగురుకూ ఆరేళ్లు అన్న ఆ నిష్పత్తి గమనించదగినది. కార్ఖానాల స్థానాన్ని అకాడమీలు ఆక్రమించాక రేఖాభ్యాసం, సిద్ధాంతం నిలిచాయి. నూరుడు వ్యాపారుల పాలయింది. 1841లో జాన్ గాఫ్ రాండ్ లోహపు ట్యూబుకు పేటెంటు పొందేనాటికి ఆ మార్పు దాదాపు పూర్తయింది.

నష్టమెంతో అకాడమీ తొలి అధ్యక్షుడు జాషువా రెనాల్డ్స్ చిత్రాలే చెబుతాయి. ఆయన పూర్వుల వర్ణకాంతిని ఆరాధించినవాడు. అయితే ఆ కాంతిని సత్వరంగా రప్పించడానికి మాస్టిక్ వార్నిష్, మైనం, శిలాజతు వంటివాటిని నూనెలో కలిపాడు. ఎన్నటికీ పూర్తిగా గట్టిపడని శిలాజతు చిత్రాలను నెర్రెలు విచ్చేలా చేసింది; ఆయన చిత్రించిన ముఖాలలోని ఎరుపు ఆయన జీవితకాలంలోనే వెలిసిపోయింది.

రూబెన్స్ మార్గం వేరు. 1628–29లో మాడ్రిడ్ రాజాస్థానంలో ఉండగా, యాభై ఏళ్లు దాటిన వయసులో, అప్పటికే ఐరోపా అంతటా ప్రసిద్ధుడై ఉండి, ఆయన టిషియన్ చిత్రాలకు నకళ్లు రాశాడు. టిషియన్ ‘ఆదాము–హవ్వ’, దానికి రూబెన్స్ రాసిన నకలు రెండూ ప్రాడో సంగ్రహాలయంలో ఉన్నాయి. రూబెన్స్ ఆదాము భంగిమను మార్చాడు, చెట్టుపై ఒక చిలుకను చేర్చాడు. ఇది అనుకరణ కన్న సంభాషణకు దగ్గర. అయితే కార్ఖానాలో పెరిగిన రూబెన్స్‌కు పైపొరను చూసి అడుగు పొరను ఊహించగల శక్తి ఉంది. ఆ పునాది లేని విద్యార్థి నకలు రాస్తే చివరి ఉపరితలం మాత్రమే చేతికి వస్తుంది.

గ్రంథాలు ఆ లోటును కొంత పూరించాయి. మేరీ మెరిఫీల్డ్ 1844లో చెన్నీని గ్రంథాన్ని ఆంగ్లీకరించి, 1849లో మరికొన్ని ప్రాచీన గ్రంథాలను వెలువరించింది. చార్లెస్ ఈస్ట్‌లేక్ తైలవర్ణ చరిత్ర 1847లో వచ్చింది. కానీ గ్రంథం కూడా దారి తప్పించగలదు. మాక్స్ డ్యోర్నర్ 1921 నాటి గ్రంథం తరతరాల విద్యార్థులకు పాఠ్యం; వాన్ ఐక్ నూనె–గుడ్డు మిశ్రమాన్ని, రెంబ్రాంట్ జిగురు రాళ్ల పూతలను వాడారని అందులోని ప్రతిపాదన. 1988లో లండన్ నేషనల్ గ్యాలరీ ప్రచురించిన రెంబ్రాంట్ చిత్రాల పరీక్షలలో ప్రధానంగా తేలినది మామూలు అవిసె నూనె. ఈ ఫలితం కొందరికి నిరాశ కలిగించి ఉండవచ్చు. అభ్యాసకునికి మాత్రం ఇంతకన్న ఆశాజనకమైన వార్త లేదు. ఆ నూనె నేటికీ దొరుకుతుంది.

సూదిమొనంత రంగు ముక్కను నిలువుకోతగా సూక్ష్మదర్శినిలో చూపే ప్రయోగశాలలు అందరికీ అందుబాటులో ఉండవు. వాటి అవసరం లేకుండానే పొరల క్రమాన్ని చూపేవి అసంపూర్ణ చిత్రాలు. ఫ్లారెన్స్‌లోని లియొనార్డో ‘జ్ఞానుల ఆరాధన’లో అడుగు చిత్రణ బయటకే కనిపిస్తుంది. ఆంట్వెర్ప్‌లోని వాన్ ఐక్ ‘సెయింట్ బార్బరా’ (1437) ఇంకా ముందటి దశలో నిలిచింది: సిద్ధం చేసిన తెల్లని నేలపై వస్త్రపు ముడతలు, గోపురం రాళ్లు, దూరాన పనివాళ్లు అన్నీ సన్నని రేఖలలో పూర్తయ్యాయి, రంగు ఆకాశం వద్ద మాత్రమే మొదలయింది. దానిని ఆయన అసంపూర్తిగా విడిచాడా, రేఖాచిత్రంగానే ఉద్దేశించాడా అన్న వాదం పండితులలో ఇంకా సాగుతూనే ఉంది.