సిలోన్ కలిమి దశాబ్దం: పెరిగిన ఆశలు, చాలని కొలువులు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఆసియాలోని పలు దేశాలు శిథిలాల నడుమ మిగిలాయి. బర్మా రణక్షేత్రంగా మారి నలిగిపోయింది. బెంగాల్‌ను 1943 నాటి కరవు కబళించింది. సిలోన్‌గా నాడు పిలుచుకున్న శ్రీలంక మాత్రం యుద్ధం నుంచి నిండు ఖజానాతో బయటపడింది. 1942 ఏప్రిల్‌లో కొలంబో, ట్రింకోమలీ నగరాలపై జపాన్ విమానాలు బాంబులు కురిపించినా ఆ ద్వీపం శత్రువు వశం కాలేదు. మలయా జపాన్ చేతికి చిక్కడంతో మిత్రరాజ్యాలకు సహజ రబ్బరు అందించే ప్రధాన వనరుగా సిలోన్ నిలిచింది. సైన్యాలు అక్కడ చేసిన ఖర్చు, రబ్బరు, తేయాకు విక్రయాల రాబడి కలిసి లండన్‌లో స్టెర్లింగ్ నిల్వలుగా పోగుపడ్డాయి.

1948 ఫిబ్రవరి 4న స్వాతంత్ర్యం పొందిన ఈ దేశం ఆ సంపదను తన ప్రజలపైనే వెచ్చించింది. అందువల్ల సమాజం రూపురేఖలు ఒక్క దశాబ్దంలోనే మారిపోయాయి. అయితే మనుషులు మారినంత వేగంగా ఆర్థిక వ్యవస్థ మారలేదు. తరువాతి కాలంలో ఆ దేశాన్ని పీడించిన కలహాలకు మూలాలు ఈ వ్యత్యాసంలోనే కనిపిస్తాయి.

గ్రామానికి చేరిన చదువు

వయోజనులందరికీ ఓటు హక్కు సిలోన్‌లో 1931లోనే వచ్చింది. ఓటర్లను మెప్పించక తప్పని నాయకులు విద్య, వైద్యాలకు ప్రాధాన్యమిచ్చారు. విద్యామంత్రి సి.డబ్ల్యు.డబ్ల్యు. కన్నంగర చొరవతో 1945 అక్టోబరు 1 నుంచి శిశు తరగతి మొదలు విశ్వవిద్యాలయం వరకు ఉచిత విద్య అమలులోకి వచ్చింది. గ్రామీణ ప్రాంతాలలో యాభైకి పైగా కేంద్రీయ పాఠశాలలు వెలిశాయి. అంతవరకు ఫీజు కట్టగల పట్టణ కుటుంబాలకే పరిమితమైన ఉన్నత విద్య రైతుబిడ్డలకూ అందుబాటులోకి వచ్చింది. ఆడపిల్లలు బడిబాట పట్టారు. 1952లో పెరదేనియలో విశ్వవిద్యాలయ ప్రాంగణం ప్రారంభమయింది.

ఆరోగ్య రంగంలో మార్పు మరింత విస్పష్టం. 1934-35లో వచ్చిన మలేరియా మహమ్మారి దాదాపు 80 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1946 నుంచి డి.డి.టి. చల్లే కార్యక్రమం ఊపందుకుంది. దానికి గ్రామీణ వైద్యశాలలు, చౌక బియ్యం తోడయ్యాయి. 1946లో ప్రతి వెయ్యిమందికి 20గా ఉన్న మరణాలు మరుసటి ఏడాదికే 14కు తగ్గాయి. అప్పటికి 43 ఏళ్ల దరిదాపుల్లో ఉన్న సగటు ఆయుర్దాయం 1954 నాటికి 60 ఏళ్లకు చేరువయింది. ఐరోపా దేశాలకు అనేక దశాబ్దాలు పట్టిన మార్పు ఇది. 1946లో 66 లక్షల పైచిలుకు ఉన్న జనాభా 1953 నాటికి 81 లక్షలకు చేరింది.

యుద్ధం వదిలి వెళ్లిన రేడియో

చదువుతో పాటు సాంస్కృతికాభిరుచులూ మారాయి. సైనికుల వినోదం కోసం కొలంబోలో నెలకొల్పిన శక్తిమంతమైన ప్రసార కేంద్రం యుద్ధానంతరం సిలోన్ ప్రభుత్వానికి దక్కింది. 1950లో మొదలైన వాణిజ్య విభాగం భారత ఉపఖండమంతటినీ శ్రోతలుగా మార్చుకుంది. కేంద్ర సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టగా ఆ వెలితిని రేడియో సిలోన్ పూరించింది. హిందీలో బినాకా గీతమాల 1952లో మొదలయింది. తమిళ, తెలుగు చిత్రగీతాలు సైతం ఆ కేంద్రం నుంచి వినిపించేవి. ఆంధ్ర దేశంలో ‘సిలోన్ రేడియో’ అన్న మాట ఇంటింటా పరిచితమైంది. 1957లో ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించడానికి ఈ పోటీయే ప్రధాన కారణం.

ద్వీపంలోనూ సొంత గొంతుక కోసం అన్వేషణ సాగింది. సింహళ టాకీలు 1947లో మొదలైనా, తొలినాళ్లలో అవి చాలావరకు దక్షిణ భారత స్టూడియోలలో, తమిళ చిత్రాల మూసలోనే తయారయ్యేవి. లెస్టర్ జేమ్స్ పీరిస్ 1956లో సింహళ పల్లెల్లోనే చిత్రీకరించిన ‘రేఖావ’ ఆ మూసను ఛేదించింది. అదే ఏడాది ఎదిరివీర శరచ్చంద్ర రచించిన ‘మనమే’ నాటకం జానపద రంగస్థల రీతికి కొత్త జీవం పోసింది. మాతృభాషలో చదువుకున్న కొత్త తరమే ఈ కళారూపాలకు ప్రేక్షకలోకమయింది.

మూడు పంటల పునాది

ఈ సంక్షేమమంతా నిలిచినది తేయాకు, రబ్బరు, కొబ్బరి అనే మూడు పంటల మీద. ఎగుమతి ఆదాయంలో పదింట తొమ్మిది వంతులు వాటివే. తినే బియ్యంలో పెద్దభాగం దిగుమతి చేసుకోవలసిందే. 1950లో కొరియా యుద్ధం రబ్బరు ధరను ఆకాశానికి ఎత్తింది. అది దిగివచ్చేసరికి బియ్యం ధర పెరిగింది. గత్యంతరం లేక సిలోన్ 1952 డిసెంబరులో కమ్యూనిస్టు చైనాతో అయిదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఏటా 50 వేల టన్నుల రబ్బరుకు 2 లక్షల 70 వేల టన్నుల బియ్యం లభించే ఏర్పాటు అది.

అయినా లోటు పూడలేదు. 1953 జూలైలో ఆర్థికమంత్రి జె.ఆర్. జయవర్ధనే రేషన్ బియ్యం ధరను కొలతకు 25 సెంట్ల నుంచి 70 సెంట్లకు పెంచారు. ఆగస్టు 12న వామపక్షాల పిలుపుపై జరిగిన హర్తాళ్‌తో దేశం స్తంభించింది. మంత్రివర్గం కొలంబో రేవులోని బ్రిటిష్ యుద్ధనౌకలో సమావేశం కావలసి వచ్చింది. అక్టోబరులో ప్రధాని డడ్లీ సేనానాయకే పదవి నుంచి తప్పుకున్నారు. సంక్షేమాన్ని ప్రజలు దయగా గాక హక్కుగా భావిస్తున్నారని పాలకులకు తెలిసివచ్చింది.

తోటల్లో మిగిలినవారు

ఆ హక్కు మాత్రం అందరికీ దక్కలేదు. విదేశీ మారకద్రవ్యం ఆర్జించిపెట్టే తేయాకు తోటలలో చెమటోడ్చినవారు భారత సంతతి తమిళ కార్మికులు. 1947 ఎన్నికలలో వారి సంస్థ సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ ఏడు స్థానాలు గెలుచుకుంది. 1948 నాటి పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా మార్చింది. మరుసటి ఏడాది ఓటు హక్కూ పోయింది. లైన్ గదుల్లో పుట్టి పెరిగిన లక్షలాదిమంది భవితవ్యాన్ని 1964 నాటి సిరిమావో-శాస్త్రి ఒప్పందం అంకెలుగా విభజించింది. భారత్‌కు 5 లక్షల 25 వేల మంది, సిలోన్‌కు 3 లక్షల మంది అని నిర్ణయమయింది. అక్కడే మిగిలిపోయిన చివరివారికి పౌరసత్వం లభించేసరికి 2003 వచ్చింది.

కొలువుల నుంచి భాషకు

1950ల నడుమ కేంద్రీయ పాఠశాలల నుంచి యువతరం బయటకు వచ్చింది. పరిశ్రమలు అంతంతమాత్రం. తోటల పనిపై వారికి ఆసక్తి లేదు. గౌరవం, భద్రత గల ప్రభుత్వోద్యోగమే అందరి గమ్యం. కార్యాలయాలలో ఏలుబడి ఇంగ్లీషుది. ఆ భాష తెలిసినవారు పదిమందిలో ఒకరైనా లేరు. మిషనరీ పాఠశాలల పుణ్యమా అని ఇంగ్లీషు నేర్చిన జాఫ్నా తమిళులు ఉద్యోగాలలో జనాభా నిష్పత్తికి మించి ఉన్నారన్న అసంతృప్తి సింహళ యువతలో రగిలింది. ఇంగ్లీషు పెత్తనంపై మొదలైన న్యాయమైన నిరసన పొరుగు భాషపై పగగా మారింది.

బుద్ధజయంతి 2500వ వత్సరమైన 1956లో జరిగిన ఎన్నికలలో ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే ‘సింహళం మాత్రమే’ నినాదంతో రంగంలోకి దిగారు. భిక్షువులు, ఆయుర్వేద వైద్యులు, బడిపంతుళ్లు, రైతులు, కార్మికులు ఆయన వెంట నిలిచారు. 1952లో 54 స్థానాలు గెలిచిన యునైటెడ్ నేషనల్ పార్టీకి ఎనిమిదే మిగిలాయి. ఆ ఏడాదే సింహళం ఏకైక అధికార భాష అయింది. ఒకే భాష అంటే దేశం రెండు ముక్కలవుతుందని వామపక్ష నేత కొల్విన్ ఆర్. డిసిల్వా పార్లమెంటులో చేసిన హెచ్చరికను ఎవరూ లెక్కచేయలేదు. 1958లో జాతి ఘర్షణలు చెలరేగాయి. 1959లో బండారనాయకే ఒక బౌద్ధభిక్షువు తుపాకీకి బలయ్యారు.

సింహళం అధికార భాష అయినా కొలువులు పెరగలేదు. 1971 ఏప్రిల్‌లో తిరుగుబాటు చేసిన జనతా విముక్తి పెరమున శ్రేణులలో అధికులు చదువుకుని ఉపాధి దొరకని సింహళ గ్రామీణ యువకులే. తమిళానికి సైతం అధికార భాష హోదా 1987లో లభించింది. అప్పటికే ఉత్తరాన అంతర్యుద్ధం ముదిరింది. అది 2009లో గాని ముగియలేదు.

బడికీ, వైద్యశాలకూ వెచ్చించిన సొమ్ము వృథా అయిందనడానికి వీలు లేదు. 2022లో విదేశీ రుణాల చెల్లింపు నిలిపివేసినప్పుడు సైతం దీర్ఘాయువు, అక్షరాస్యతలలో ఆ దేశం దక్షిణాసియాలో ముందువరుసలోనే ఉంది. నాటి పొరపాటు చదువు చెప్పించడం కాదు. చదివినవారికి పని కల్పించే ఆర్థిక పునాదిని నిర్మించకపోవడం, ఉన్న కొద్ది కొలువులను భాష పేరిట పంచబూనడం, సంపద సృష్టించినవారినే పౌరుల జాబితా నుంచి తొలగించడం అసలు లోపాలు. కలిమి ఉన్న రోజుల్లో సులువుగా సరిదిద్దుకోగల ఈ లోపాలకు లేమి రోజుల్లో ఆ దేశం రక్తంతో మూల్యం చెల్లించింది.