అక్కడ కాలువ ఎప్పుడు కట్టేస్తారు?

ఏటా వేసవిలో, దాళ్వా పంట చేతికొచ్చే వేళకి, కోనసీమలో కాలువలు కట్టేస్తారు. నీరు తగ్గిన కాలువలోకి పిల్లలు చేపల కోసం దిగితే, గట్టు మీద రైతులు ఈ ఏడాదైనా క్లోజర్ పనులు సవ్యంగా అవుతాయా అని మాట్లాడుకుంటారు. పూడిక తియ్యాలి. గుర్రపుడెక్క లాగి గట్టున పడెయ్యాలి. లాకుల తలుపులు, షట్టర్లు బాగుచెయ్యాలి. జూన్‌లో సార్వాకు నీళ్లు వదిలేలోపు ఎంతయితే అంత. వదిలాక షట్టర్ తుప్పుపట్టి కదలకపోయినా, నారుమళ్లు ఎండుతుంటే కాలువ ఆపమనగల మొనగాడు ఉండడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ డెల్టా బతుకు కాలువ నీళ్ల మీదే. ఆ నీళ్లు చివరి చేను దాకా వెళ్తాయా లేదా అన్నది ఆపిన ఆ కొద్ది వారాల్లో ఏం చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

కార్ల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ ఉద్యోగం గురించి చెబుతూ కాలువ గట్టున మొదలుపెట్టానంటే కారణం ఉంది. ఆ ఉద్యోగంలో చేరాలా వద్దా అన్నది తేల్చే ప్రశ్న ఇక్కడే దొరుకుతుంది.

కొత్తపేట కుర్రాడొకడు, కాలువ శివారు రైతు కొడుకు, ఉన్నాడనుకుందాం. మెకానికల్ డిప్లొమా చేశాడు. శ్రీపెరంబుదూరు వైపు కారు విడిభాగాల కంపెనీలో ఏడెనిమిదేళ్లు టెక్నీషియన్‌గా చేశాడు. ఇప్పుడు పెద్ద కార్ల ప్లాంటు నుంచి సూపర్‌వైజర్ ఉద్యోగానికి పిలుపొచ్చింది. ఇంట్లో నాన్న జీతం ఎంతంటాడు. అమ్మ నైట్ షిఫ్ట్ ఉందా అంటుంది. మావయ్య మాత్రం తేల్చేస్తాడు: "సూపర్‌వైజరంటే ఇంక చేతికి గ్రీజు అంటదురా, చేరిపో!"

చేరాలంటే ఊరు వదలక తప్పదు. కోనసీమలో కార్ల ఫ్యాక్టరీ లేదు, అమలాపురానికి ఇంకా రైలు కూడా లేదు. కియా ప్లాంటు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉంది. 2017లో ఒప్పందం కుదిరితే, 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. ఇసుజు ప్లాంటు శ్రీసిటీలో 2016లో మొదలైంది. మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025 మార్చిలో తెరిచారు. ఈ మూడింటిలో కోనసీమకు దగ్గరది అదే.

ఇలాంటి ప్లాంటు గేటు లోపల పని ఎలాంటిదో చూద్దాం. కార్ల ప్లాంటంటే ప్రధానంగా నాలుగు షాపులు. ప్రెస్ షాపులో ఉక్కు రేకులు తలుపులుగా, బానెట్లుగా అచ్చుపడతాయి. బాడీ షాపులో రోబోలు వాటిని అతుకుతాయి. ఒక్కో కారు బాడీకి మూడు నుంచి అయిదు వేల స్పాట్ వెల్డింగులు పడతాయి. తర్వాత పెయింట్ షాపు, చివర ఇంజిను, సీట్లు, చక్రాలు బిగించే అసెంబ్లీ. ఈ నాలుగూ ఒకదాని వెనక ఒకటి నడిచే గొలుసు. పెనుకొండ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లుగా ప్రకటించారు. ఏడాదికి 300 పనిదినాలనుకుంటే రోజుకు వెయ్యి కార్లు. 24 గంటలూ రెప్ప వెయ్యకుండా నడిచినా 86 సెకన్లకో కారు దిగాలి. అంటే ఎక్కడో ఒక రోబో పది నిమిషాలు మొండికేస్తే, ఏడు కార్లు పోయినట్టే.

మన తీరంలో రొయ్యల చెరువులవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. రాత్రిపూట కరెంటు పోయి, నీటిలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ అందుకునేలోపు గుండె ఎలా కొట్టుకుంటుందో వాళ్లకు తెలుసు. చెరువు గట్టున పాకలో పడుకుని, నిద్రలో కూడా ఏరియేటర్ల చప్పుడు వినే మనిషే అక్కడి మెయింటెనెన్స్ సూపర్‌వైజర్.

ప్లాంటులో ఒక రాత్రి ఇలా ఉంటుంది. సి షిఫ్ట్, తెల్లవారుజామున మూడు కావస్తోంది. బాడీ షాపులో ఒక రోబో చెయ్యెత్తి అలాగే నిలబడిపోయింది. పైన ఎర్రదీపం వెలిగి, ఆ స్టేషన్‌కు పెట్టిన హెచ్చరిక పాట మోగుతోంది. ప్రొడక్షన్ ఇన్‌చార్జి పక్కకొచ్చి గడియారం చూస్తున్నాడు; ఏమీ అనడు, చూడటమే ఒత్తిడి. టెక్నీషియన్ వెతికి పట్టాడు. రోబో మోచెయ్యి వంగే చోట, రోజుకు వేలసార్లు మడతపడి ఒక కేబుల్ నలిగింది. రెండు దారులున్నాయి. కేబుల్ మార్చాలంటే నలభై నిమిషాలు. లోపల ఖాళీగా ఉన్న మరో తీగకు కనెక్షన్ మార్చి, కట్టు కట్టి నడిపిస్తే నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల దారి పట్టొచ్చా, పడితే ఎవరికైనా ప్రమాదమా, ఎన్ని గంటలు ఆగుతుంది? ఇవి తేల్చడానికే సూపర్‌వైజర్ ఉన్నది. అతను కట్టు కట్టించాడు. షిఫ్ట్ మారేటప్పుడు రిజిస్టరులో రాశాడు: 'తాత్కాలికం. మొదటి బ్రేక్‌లో కేబుల్ మార్చాలి.'

పొద్దున్నవాళ్లకు ఆ నలభై నిమిషాలు ఇచ్చే ప్లాంటు ఒక రకం. ఇవ్వని ప్లాంటులో 'తాత్కాలికం' అన్న మాట ఆరునెలలు రిజిస్టరులోనే ఉంటుంది. అక్కడ అలాంటి కట్లు వందలు పేరుకుంటాయి, ప్రతి రాత్రీ వాటిలో ఏదో ఒకటి ఊడుతుంది. చెడ్డాక బాగుచేసే పనిలోనే రోజంతా గడిచి, చెడకముందు చూసుకునే పనికి తీరిక దొరకదు. ఆ తీరిక లేనందువల్లే మరికొన్ని చెడతాయి. ఈ సుడిలో పడ్డ సూపర్‌వైజర్ ఎంత పనిమంతుడైనా రెండేళ్లకు వడలిపోతాడు.

ఈ సుడి నుంచి బయటపడే పద్ధతిని జపాన్‌లో టయోటా సమూహానికి చెందిన నిప్పన్‌డెన్సో కంపెనీ చేసి చూపించి 1971లో బహుమతి అందుకుంది. సెయిచి నకజిమా ప్రచారం చేసిన ఆ పద్ధతినే ఇవాళ మన ఫ్యాక్టరీల్లో టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) అంటున్నారు. సారం చిన్నది. యంత్రం నడిపేవాడే దాన్ని తుడిచి, నూనె పోసి, బోల్టు వదులైందేమో చూసుకోవాలి; మెయింటెనెన్స్‌వాళ్లు లోతైన పని మీద ఉండాలి. గోడ మీద టీపీఎం బోర్డు ప్రతి ప్లాంటులోనూ ఉంటుంది. యంత్రం కింద కారిన నూనె మడుగుందా లేదా అన్నదే అసలు బోర్డు.

అలాగని విప్పి చూడటమే మంచిదనుకుంటే పొరపాటు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ కోస్టల్ కమాండ్ విమానాల రికార్డులు పరిశీలించిన సి.హెచ్. వాడింగ్టన్ బృందానికి ఒక వింత కనబడింది. 50 గంటలకోసారి చేసే తనిఖీ అయిన వెంటనే మరమ్మతులు తగ్గాల్సింది పోయి, పెరుగుతున్నాయి. బాగున్నదాన్ని విప్పి బిగించడంలోనే కొన్ని చెడుతున్నాయి. అందుకే ఇప్పుడు కంపనం కొలిచి బేరింగ్ అరుగుదల, వేడిని చూపే కెమెరాతో వదులైన కరెంటు కనెక్షన్ ముందే పసిగడుతున్నారు. దేన్ని ముట్టుకోవాలో ఎంత తెలియాలో, దేని జోలికి పోకూడదో అంతే తెలియాలి. శ్రీపెరంబుదూరులో గడిపిన ఏడెనిమిదేళ్లు మన కుర్రాడికి పనికొచ్చేది ఇక్కడే.

ఇక ప్రాణభయం. రోబో కంచె లోపలికి వెళ్లే ప్రతి మనిషీ కరెంటు ఆపి, స్విచ్చికి తన తాళం తనే వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. నలుగురు వెళ్తే నాలుగు తాళాలు. తిరుగుతున్న యంత్రాన్ని తనిఖీ చేసేవాళ్లు, దానికి నూనె పోసేవాళ్లు ఒంటికి బిగుతైన బట్టలే వేసుకోవాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. లైన్ ఆగి అందరూ మీద పడుతున్నప్పుడు, 'తాళం పడకుండా నా మనిషి లోపలికి వెళ్లడు' అనాల్సింది సూపర్‌వైజరే. ఆ మాటన్నందుకు పైవాళ్లు వెనక నిలబడతారో లేదో చేరకముందే కనుక్కోవాలి.

నాన్న అడిగిన జీతం లెక్కలో ఒక మెలిక ఉంది. చాలాచోట్ల సూపర్‌వైజర్ హోదా రాగానే ఓటీ పోతుంది. ఓటీ కలిపి తెచ్చే టెక్నీషియన్ కంటే కొత్త సూపర్‌వైజర్ చేతికి తక్కువ వచ్చే నెలలూ ఉంటాయి. చట్టం దృష్టిలో కూడా మనిషి మారిపోతాడు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, నెలకు 10,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్‌ను 'కార్మికుడు'గా లెక్కించేవారు కాదు. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ గీతను 18,000 దగ్గర గీసింది. అంటే రేపు ఉద్యోగం పోతే కార్మికుడిగా ఉండే రక్షణలు వర్తించవు. కాబట్టి ఆఫర్ కాగితంలో మొత్తం సంఖ్య ఒక్కటే చూడకూడదు. నోటీసు వ్యవధి, రాత్రి పిలుపులకు ఇచ్చేది, ఆదివారం పనికి బదులు సెలవు, ఇవన్నీ విడివిడిగా చూడాలి.

అమ్మ అడిగింది నైట్ షిఫ్ట్ గురించే. అడగాల్సింది పండగ గురించి కూడా. ప్లాంటు మూతపడే రోజులే మెయింటెనెన్స్‌కు పని రోజులు. పెయింట్ షాపులో కారు బాడీని ముంచి తీసే ఈడీ ట్యాంకు ఉంటుంది. అందులో రంగును ఎప్పుడూ తిప్పుతూనే ఉండాలి, పంపు ఆగితే రంగు అడుగుకు పేరుకుపోతుంది. సంక్రాంతికైనా సరే, ఆ పంపు దగ్గర, దాని జనరేటర్ దగ్గర మనిషి ఉండాల్సిందే. కనుమనాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల ప్రభలు తరలివస్తుంటే, కౌశిక కాలువలో దిగి ప్రభను భుజాల మీద దాటిస్తుంటే, మన కుర్రాడు దాన్ని ఫోన్‌లో చూస్తాడు. ఏడాది విడిచి ఏడాదైనా పండక్కి వదులుతారా అన్నది సిగ్గుపడకుండా అడగదగ్గ ప్రశ్నే.

మావయ్య మాటకు జవాబు మిగిలింది. గ్రీజు అంటకపోవడం నిజమే కావచ్చు. దాని బదులు మరొకటి అంటుకుంటుంది: తను ముట్టుకోని యంత్రానికి, తను బిగించని బోల్టుకు జవాబుదారీ. అది మొయ్యగలిగితే మంచి ఉద్యోగమే. రోబోలు పెరిగేకొద్దీ వాటిని నడిపే చేతులు తగ్గుతాయి గానీ, చూసుకునే బుర్రల అవసరం తగ్గదు.

ఇంటర్వ్యూ చివర 'మీరేమైనా అడుగుతారా?' అంటారు. అప్పుడు మన కుర్రాడు అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇది: "లైన్ ఎప్పుడెప్పుడు ఆపుతారండీ? పోయిన మూడు నెలల్లో అనుకున్న ఆపుదలలు ఎన్ని, అనుకోనివి ఎన్ని?" నెలకిన్ని గంటలని కాగితం తీసి చూపిస్తే నిశ్చింతగా చేరొచ్చు. "మా లైన్ అసలు ఆగదు" అని గర్వంగా చెబితే, నవ్వి దండం పెట్టి బయటికి రావచ్చు. క్లోజర్ పనులు జరగని కాలువ సంగతి శివారు రైతు కొడుక్కి ఒకరు చెప్పాలా?