నిరాశ్రయులు కోలుకునే క్రమంలో తోటివారి తోడ్పాటు: స్వరూపం, స్వభావం, పరిమితులు

వ్యాససంగ్రహం:
మానసిక అస్వస్థతను స్వయంగా అనుభవించి కోలుకున్నవారు, అదే స్థితిలో ఉన్న మరొకరికి శిక్షణ పొంది అందించే సేవను ‘తోటివారి తోడ్పాటు’ అంటారు. వీధుల్లో జీవించేవారి విషయంలో ఈ సేవ ఎందుకు అవసరమవుతుందో, ఎలా సాగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. అనుభవం ఒక అర్హతే. అయితే ఇల్లు, వేతనం, శిక్షణ, పర్యవేక్షణ జతకూడనిదే ఆ అర్హత సేవగా నిలవదని, 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టం నిరాశ్రయుల హక్కును గుర్తించినంత స్పష్టంగా ఈ ఉద్యోగాన్ని గుర్తించలేదని ఇందులో ప్రతిపాదించడమైంది.

కీలకపదాలు: నిరాశ్రయులు, మానసిక ఆరోగ్యం, కోలుకోవడం, తోటి సహాయకులు, గృహవసతి, పునరావాసం.

1. ప్రవేశిక:
2011 జనగణన ప్రకారం మనదేశంలో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షల మంది. వారిలో సగానికి పైగా పట్టణాల్లో ఉన్నారు. 2015-16లో నిమ్హాన్స్ సంస్థ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ గణాంకాలు కుటుంబాలను నమూనాగా తీసుకుని, ఇళ్లకు వెళ్లి సేకరించినవి. తట్టడానికి తలుపే లేనివారు సహజంగానే ఆ లెక్కకు వెలుపల ఉండిపోయారు.

మానసిక అస్వస్థత, నిరాశ్రయత ఒకదానికొకటి కారణాలు. అస్వస్థత వల్ల ఉపాధి, కుటుంబం దూరమై వీధిన పడేవారు కొందరు. వీధిలోని ఆకలి, హింస, నిద్రలేమి కారణంగా అస్వస్థులయ్యేవారు మరికొందరు. ఏది ముందు జరిగినా చివరికి మిగిలే స్థితి ఒక్కటే: ఎవరినీ నమ్మలేకపోవడం. వైద్యుడు, మందు, ఆసుపత్రి అన్నీ ఉన్నా ఈ నమ్మకం లేనిచోట చికిత్స ఆరంభం కాదు. తోటివారి తోడ్పాటు పనిచేసేది సరిగ్గా ఈ చోటనే.

2. పరిభాష - తోటి, తోడు, కోలుకోవడం:
ఆంగ్లంలో ‘పీర్ సపోర్ట్ వర్కర్’ అని వ్యవహరించే వ్యక్తిని ఈ వ్యాసంలో ‘తోటి సహాయకులు’గా పేర్కొనడం జరిగింది. తెలుగులో ‘తోటి’ అనే మాట కేవలం సమానత్వాన్ని కాక, ఒకే స్థితిని పంచుకోవడాన్ని సూచిస్తుంది. తోటికోడలు అన్నప్పుడు అదే ఇంట్లో, అదే స్థానంలో, అవే కష్టసుఖాలను చవిచూసిన స్త్రీ అని అర్థం. ఆమె ఓదార్పులో జాలి కంటే ఎరుక ఎక్కువ. తోటి సహాయకుల విశిష్టత కూడా ఈ ఎరుకలోనే ఉంది.

అలాగే ‘నయం కావడం’, ‘కోలుకోవడం’ అనే మాటల మధ్య గమనించదగిన భేదం ఉంది. నయమయ్యేది రోగం, కోలుకునేది మనిషి. వరద నుంచి ఊరు కోలుకుంది అంటాం. కొట్టుకుపోయినవన్నీ తిరిగి వచ్చాయని దాని అర్థం కాదు, బతుకు మళ్లీ సాగుతోందని అర్థం. మానసిక ఆరోగ్యరంగంలో గత కొన్ని దశాబ్దాలుగా స్థిరపడిన భావన కూడా ఇదే. లక్షణాలు కొంత మిగిలి ఉన్నా, మనిషి తన ఇష్టానుసారం, గౌరవంగా, నలుగురి మధ్య జీవించగలగడమే కోలుకోవడం.

3. చారిత్రక నేపథ్యం:
కోలుకున్నవారి చేత రోగులకు సేవ చేయించడం కొత్త ఆలోచన కాదు. 18వ శతాబ్దం చివర పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో మనోరోగుల విభాగాన్ని పర్యవేక్షించిన జాన్ బాప్తిస్త్ ప్యుసాఁ, ఒకప్పుడు గండమాల వ్యాధితో అదే ఆసుపత్రిలో చేరిన రోగి. కోలుకున్నవారిని ఆయన పరిచారకులుగా నియమించేవాడు. వారు రోగుల పట్ల మృదువుగా ఉంటారన్నది ఆయన అనుభవం. 1793లో అక్కడికి వచ్చిన వైద్యుడు ఫిలిప్ పినెల్ ఈ పద్ధతులను గమనించి తన రచనల ద్వారా ప్రపంచానికి తెలిపాడు.

20వ శతాబ్దంలో ఇది హక్కుల ఉద్యమంగా రూపుదిద్దుకొంది. అమెరికాలో మానసిక చికిత్సాలయాల్లో నిర్బంధాన్ని అనుభవించిన జూడీ చాంబర్లిన్ 1978లో ‘ఆన్ అవర్ ఓన్’ అనే గ్రంథాన్ని వెలువరించి, రోగులే నడుపుకొనే ప్రత్యామ్నాయ సేవల ఆవశ్యకతను ప్రతిపాదించింది. 1999లో జార్జియా రాష్ట్రం పేదల ఆరోగ్యబీమా పథకమైన మెడికెయిడ్ ద్వారా తోటి సహాయకుల సేవకు చెల్లింపును ప్రారంభించింది. 2007లో అమెరికా కేంద్రప్రభుత్వం ఇటువంటి చెల్లింపులకు మూడు నియమాలను విధించింది. అవి: అర్హులైన నిపుణుల పర్యవేక్షణ, వ్యక్తి సంరక్షణ ప్రణాళికతో సమన్వయం, శిక్షణతో కూడిన ధ్రువీకరణ. స్వచ్ఛందసేవగా మొదలైన పని ఈ విధంగా వృత్తిగా మారింది.

4. వీధిలో పని సాగే తీరు:
ఈ సేవాక్రమాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో వివరించవచ్చు. ఒక రైల్వేస్టేషను వెలుపల సంచులు చుట్టూ పెట్టుకుని కూర్చున్న స్త్రీ ఎవరితోనూ మాట్లాడదు. ఎవరైనా దగ్గరికి వస్తే కసురుకుంటుంది. తోటి సహాయకురాలు మొదటిరోజు ఆమెకు కొంతదూరంలో కూర్చుని టీ తాగి వెళుతుంది. మరునాడు అదే వేళకు వచ్చి రెండో టీ తెస్తుంది. మందుల ప్రస్తావన ఉండదు, ప్రశ్నలు ఉండవు. ఇలా వారాలు గడవవచ్చు. చెప్పిన వేళకు రావడం, ఇవ్వలేనిదాన్ని వాగ్దానం చేయకపోవడం, అనుమతి లేనిదే సంచిని ముట్టుకోకపోవడం అనే మూడు నియమాలే తొలిదశలో ఆమె సాధనాలు. ఇతరులకు చెత్తగా కనిపించే ఆ సంచి, దాని యజమానికి మిగిలిన ఏకైక ఇల్లు. ఒకప్పుడు అటువంటి సంచిని మోసిన మనిషికి ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండోదశ మందులకు సంబంధించినది. నిరాశ్రయులు మందులను నిరాకరిస్తే దాన్ని రోగలక్షణంగా భావించడం సాధారణం. కానీ మనోవైకల్యానికి వాడే అనేక మందులు మత్తును, గాఢనిద్రను కలిగిస్తాయి. ఇంట్లో పడుకునేవారికి అది ఉపశమనం. పేవ్‌మెంటు మీద పడుకునే స్త్రీకి అది ప్రాణాపాయం, మానభంగభయం. ఈ కారణాన్ని ఆమె వైద్యుడికి చెప్పలేకపోవచ్చు. తోటి సహాయకురాలు దాన్ని గ్రహించి, మోతాదునో వేళనో మందునో మార్చే అవకాశాన్ని వైద్యుడితో చర్చించగలదు. అంటే తోటి సహాయకులు వైద్యుడి మాటను రోగికి చేర్చడంతో ఆగక, రోగి హేతువును వైద్యుడికి చేరుస్తారు.

మూడోదశలో ఆధార్ కార్డు, బ్యాంకు ఖాతా, దివ్యాంగ ధ్రువపత్రం, పింఛను వంటి పనులు ముందుకు వస్తాయి. చిరునామా లేని మనిషికి ఒక్కో పత్రం ఒక్కో గోడ. ఆ వరుసల్లో గతంలో నిలబడి తిరస్కారాన్ని చవిచూసిన వ్యక్తి పక్కన ఉండడం వల్ల మధ్యలో విరమించుకునే అవకాశం తగ్గుతుంది.

ఈ క్రమమంతటా తన కథను ఎంతవరకు చెప్పాలన్నది సున్నితమైన ప్రశ్న. ఎదుటివారికి ఉపయోగపడినంతే చెప్పాలన్నది ఈ వృత్తి ప్రాథమిక సూత్రం. “నాకూ గొంతులు వినిపించేవి” అన్న ఒక్క వాక్యం ఒక్కోసారి గంటసేపు చేసిన ఉపదేశం కంటే ఎక్కువ పని చేస్తుంది. “నేను మారాను కాబట్టి నువ్వూ మారాలి” అనడం మాత్రం తోడ్పాటు కాదు, మరో రకమైన ఒత్తిడి.

5. భాష, ప్రాంతం:
తప్పిపోయినవారు రైళ్లెక్కి భాష తెలియని రాష్ట్రాలకు చేరుతుంటారు. చెన్నైలోనో ముంబయిలోనో కనిపించిన తెలుగు మనిషి తన ఊరిపేరుకు బదులు గుడిపేరో వాగుపేరో చెప్పవచ్చు. భాష తెలియనివారికి అవి అర్థంలేని శబ్దాలుగా తోస్తాయి. అందువల్ల ‘తోటి’ అనే భావనలో భాషను, మాండలికాన్ని కూడా చేర్చుకోవలసి ఉంది. అయితే చిరునామా తెలియగానే ఇంటికి పంపడమే పరిష్కారమని భావించరాదు. కొందరు స్త్రీలు ఇల్లు వదిలిందే హింసను భరించలేక. వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం వారిదే కావాలి.

6. గృహవసతి - అనివార్యమైన ఆధారం:
నమ్మకం కుదిరిన తరవాత చేర్చడానికి ఒక చోటు లేకపోతే తోడ్పాటు మధ్యలోనే తెగిపోతుంది. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ ప్రారంభించిన ‘ముందు ఇల్లు’ విధానం ఈ వాస్తవం మీదనే నిలబడింది. చికిత్సకు ఒప్పుకోవడం, మత్తు మానడం వంటి షరతులు లేకుండా ముందుగా ఇల్లు ఇచ్చి, తరవాత సేవలను అందించడం దీని సారాంశం. ఆ సేవాబృందాల్లో తోటి సహాయకులకు స్థానం ఉంది. 2009-13 మధ్య కెనడాలోని ఐదు నగరాల్లో రెండువేలకు పైగా వ్యక్తులతో ఈ విధానాన్ని పరీక్షించారు. ఇల్లు పొందినవారు రెండేళ్లలో 73 శాతం కాలం స్థిరనివాసంలో ఉండగా, మామూలు సేవలు పొందినవారు 32 శాతం కాలమే ఉన్నారు.

భారతదేశంలో రెండు నమూనాలు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ చెన్నైలో స్థాపించిన ‘ది బనియన్’ సంస్థ, 2015 నుంచి ‘హోమ్ ఎగైన్’ను నిర్వహిస్తోంది. దీర్ఘకాలం ఆశ్రమాల్లో ఉండిపోయినవారు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలోని అద్దె ఇంట్లో, సహాయకుల తోడుతో కాపురముంటారు. వండుకోవడం, పోట్లాడుకోవడం, పొరుగింటికి వెళ్లడం అక్కడ చికిత్సలో భాగాలే. కోల్‌కతాలోని ‘ఈశ్వర్ సంకల్ప’ సంస్థ నిర్వహించే ‘నయా దౌర్’ మరో మార్గాన్ని చూపింది. వీధిలో ఉన్న మనిషిని అక్కడే ఉంచి, ఆ వీధిలోని టీకొట్టు యజమానుల వంటివారిని సంరక్షకులుగా తీర్చిదిద్దే పద్ధతి అది. అక్కడ ‘తోటి’ అన్నది రోగాన్ని బట్టి గాక వీధిని బట్టి ఏర్పడిన బంధం. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ రెండింటినీ ఆదర్శసేవల్లో చేర్చాయి.

7. పరిశోధనల నిర్ధారణలు:
తోటివారి తోడ్పాటును సర్వరోగనివారిణిగా చూపడం సత్యదూరం. ఇంతవరకు జరిగిన సమీక్షల ప్రకారం ఆశ, ఆత్మవిశ్వాసం, కోలుకోవడం అనే అంశాల్లో దీని వల్ల స్వల్పమైన మేలు కనిపిస్తుంది. రోగలక్షణాల తగ్గుదలలో మాత్రం ఫలితాలు నిలకడగా లేవు. 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడిన బ్రిటిష్ అధ్యయనంలో, సంక్షోభచికిత్స పూర్తయిన 441 మందిని ఏడాదిపాటు పరిశీలించారు. తోటి సహాయకుల తోడు పొందినవారిలో 29 శాతం, పొందనివారిలో 38 శాతం మళ్లీ తీవ్రచికిత్సలో చేరవలసి వచ్చింది. ఇది చిన్న తేడా కాదు. కానీ అది శిక్షణ, పర్యవేక్షణ ఉన్న వ్యవస్థలో లభించిన ఫలితమని మరవరాదు.

8. భారతీయ చట్టం - హక్కు, ఖాళీ:
2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో జరిగిన అగ్నిప్రమాదంలో, గొలుసులతో కట్టివేసిన 28 మంది మరణించారు. నిస్సహాయులకు నీడ ఇచ్చే చోటే బందిఖానా కాగలదని ఆ ఘటన నిరూపించింది. 2017 నాటి చట్టం ఈ స్థితిని మార్చే ప్రయత్నం చేసింది. 18వ సెక్షను నిరాశ్రయులకు ప్రభుత్వసంస్థల్లో ఉచితచికిత్సను హక్కుగా పేర్కొంది. 100వ సెక్షను ప్రకారం పోలీసులు అటువంటివారిని లాకప్‌లో ఉంచరాదు, 24 గంటలలోపు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రానికి చేర్చాలి. ఇల్లు లేదనో, కుటుంబం అంగీకరించలేదనో ఎవరినీ ఆసుపత్రిలో కొనసాగించరాదని 19వ సెక్షను స్పష్టం చేసింది.

ఆచరణ వేరుగా ఉంది. 2019లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం 43 ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలను పరిశీలించగా, అక్కడ ఉన్నవారిలో మూడోవంతుకు పైగా ఏడాదికి మించి ఉంటున్నట్లు తేలింది. హక్కుకు, ఇంటికి మధ్య నడిపించే మనిషి లేకపోవడం ఈ ఆలస్యానికి ఒక ముఖ్యకారణం. చట్టం ఏర్పరచిన సమీక్షామండలుల్లో మానసిక అస్వస్థత గలవారికి ప్రాతినిధ్యం లభించే వీలుంది. కానీ చట్టంలోని ‘మానసిక ఆరోగ్యనిపుణులు’ అనే నిర్వచనంలో తోటి సహాయకుల ప్రస్తావన లేదు. తీర్పుచెప్పే బల్ల దగ్గర అనుభవానికి కుర్చీ వేసిన చట్టం, సేవచేసే చోట దానికి పదవిని కల్పించలేదు.

9. అవసరమైన షరతులు:
పదవి లేనిచోట ఈ పని గౌరవవేతనంతోనో, అదీ లేకుండానో సాగుతుంది. కోలుకున్న మనిషిని తక్కువ ఖర్చుతో దొరికే శ్రామికుడిగా చూడడం అతని గాయాన్ని ఉపయోగించుకోవడమే అవుతుంది. కాబట్టి కనీసం ఐదు షరతులు అవసరం: నియమిత వేతనం, పనికి ముందు, పనిలోనూ శిక్షణ, వారంవారం పర్యవేక్షకులతో మనసువిప్పి మాట్లాడే వీలు, ఒక బృందంలో ఒంటరిగా కాక ఇద్దరికి తక్కువ కాకుండా నియామకం, తిరిగి అస్వస్థత కలిగితే ఉద్యోగం పోకుండా సెలవు. చివరి షరతు అన్నిటికంటే ముఖ్యమైనది. ఎదుటివారి వేదన పాతగాయాన్ని కదపవచ్చు. అది బయటపడితే ఉద్యోగం పోతుందన్న భయం ఉంటే సహాయకులే తమ అస్వస్థతను దాచుకుంటారు. దాపరికం లేకుండా బతకవచ్చని చెప్పవలసినవారు దాపరికంలో బతకవలసి వస్తుంది.

10. ముగింపు:
తోటివారి తోడ్పాటు వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు, దానికి చౌకైన బదులూ కాదు. వైద్యం మొదలు కావడానికి కావలసిన నమ్మకాన్ని, వైద్యం ముగిశాక కావలసిన ఇంటిదారిని సమకూర్చే ప్రత్యేకమైన పని. వీధిలో ఉన్న మనిషికి తోటి సహాయకులు చూపే ఆధారం మాటల్లో కంటే వారి ఉనికిలోనే ఎక్కువగా ఉంది. ఆ పేవ్‌మెంటు మీద కూర్చున్న మనిషే నేడు ఉద్యోగిగా, అద్దె ఇంటి యజమానికి నెలనెలా డబ్బు చెల్లించే కాపురస్తుడిగా ఎదుట నిలబడడమే ఆ ఆధారం. ఆ ఉద్యోగం, ఆ ఇల్లు నిజమైనవైనప్పుడే అది నమ్మదగిన సాక్ష్యమవుతుంది. వాటిని నిజం చేయవలసిన బాధ్యత తోటి సహాయకులది కాదు, సమాజానిది, ప్రభుత్వానిది.