కౌలాలంపూరు కాఫీ కొట్లు

మన పెద్దలు వచ్చిన ఈ గడ్డమీద రబ్బరు కంటె ముందు కాఫీ తోటలు ఉండేవని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1890 దశకంలో సెలంగోరు రాష్ట్రంలో దొరలు కాఫీయే విరివిగా వేశారు. దక్షిణ దేశపు కూలీలను ఆ తోటలకు కూడా తెచ్చారు. బ్రెజిలు పంట వెల్లువై ధర పడిపోయాక, అదే నేలలో రబ్బరు నాటారు. నాటి మొక్క లైబీరికా జాతిది.

ఇక కౌలాలంపూరు కొట్ల సంగతి. అన్నిటికంటె పాతవి చీనా వారి కోపితియాములు. 'కోపి' మలయు మాట, 'తియాం' అంటే హొక్కియెను భాషలో అంగడి. వీటిని ఎక్కువగా నడిపినవారు హైనాను దీవివారు. ఆలస్యంగా రావడంతో మంచి వ్యాపారాలు అప్పటికే ఇతరుల చేతుల్లో ఉండగా, వీరు దొరల ఇళ్లలో వంటలు చేసి, తరువాత కొట్లు పెట్టుకున్నారు. గింజలను చక్కెరతోను, మార్జరీనుతోను నల్లగా వేయించి, గుడ్డసంచిలో వడగడతారు.

అక్కడ అడిగే తీరు తెలియాలి. ఉత్త 'కోపి' అంటే తియ్యని డబ్బాపాలు పోసి ఇస్తారు. 'కోపి ఓ' అంటే పాలు లేకుండా చక్కెరతో. చక్కెర కూడా వద్దంటే 'కోసోంగ్' చేర్చాలి. మా నాయనమ్మ తోట ఇంట్లో జన్మంతా తాగినది కోపి ఓ. ఆ పేరు మాత్రం ఆమెకు తెలియదు, "నల్ల కాఫీ" అనేది.

దొరలకు వేరే చోట్లు ఉండేవి. 1921లో బాటు రోడ్డులో వెలసిన కొలీసియం కేఫు తోట దొరలు చేరే స్థలంగా పేరుపొందింది. వంట హైనాను వారిదే. తోటలలో మనవారి స్థితి వేరు. దొర ఎదురైతే సైకిలు దిగే పద్ధతి పోవాలన్నది 1941 క్లాంగు తోటల సమ్మెలో కూలీల కోరికల్లో ఒకటి. ఒక్క సైకిలు దిగే మాటకు సమ్మె చేయవలసి వచ్చింది!

తమిళ ముస్లిముల 'మామాక్' కొట్లలో టీదే రాజ్యం, కాఫీ కూడా దొరుకుతుంది. ఆ పేరు మనం కూడా అనే 'మామ' నుంచి వచ్చిందే. చాలాచోట్ల రాత్రంతా తెరిచే ఉంటాయి.

పెటాలింగు వీధి చుట్టుపక్కల పాత ఇళ్లలో ఇప్పుడు కొత్త కేఫులు వెలిశాయి. అక్కడి ఒక కప్పు వెలకు కోపితియాములో నలుగురు తాగవచ్చు. నాకది దుబారాయే. అయినా వాటిలో కొన్ని లైబీరికా కాఫీని ప్రత్యేకంగా చేసి ఇస్తున్నాయి. ఒకసారి అడిగి చూడండి, పనసపండు వాసన తగులుతుంది.